ఉస్మానియా పాత కట్టడం మీద నాటకం: పని డైరీ

మూతపడ్డ ఆసుపత్రి మీదో, మిల్లు మీదో, బడి మీదో నాటకం వేద్దామనుకునే చిన్న బృందాల కోసం ఈ డైరీ. పనికొచ్చేది తీసుకోండి, మాకు తగిలిన దెబ్బలు మీకు తగలకుండా చూసుకోండి. ఆలోచన ఎలా పుట్టింది, ఎవరెవరు కలిశారు వగైరా వదిలేసి నేరుగా పనిలోకి వస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఉస్మానియా ఆసుపత్రి మూతపడలేదు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున మిగతా బ్లాకుల్లో రోజూ ఓపీ నడుస్తూనే ఉంది. మూతపడింది వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన గుమ్మటాల పాత కట్టడం. 2020 జూలై వానలకు వార్డుల్లోకి నీళ్ళొచ్చాయి. రోగుల్ని తరలించి దానికి తాళం వేశారు. 2025లో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన కూడా అయింది. మా మొదటి పోస్టరు నమూనాలో "మూతపడిన ఉస్మానియా" అని ఉంటే, అక్కడ పనిచేసే వార్డు బాయ్ ఒకాయన చూసి, "మరి నేను పొద్దుగాల డ్యూటీ ఏడ చేసొచ్చిన సార్?" అన్నాడు. పోస్టరు మారింది.

దశ 1: స్క్రిప్టు, స్టాప్‌వాచ్

మొదటిసారి అందరం కూర్చుని పైకి చదివితే 148 నిమిషాలు వచ్చింది. హాలు వాళ్ళిచ్చేది 90 నిమిషాలు. కత్తిరించాలని అందరికీ తెలుసు, ఏది కత్తిరించాలన్న దగ్గరే గొడవ. ఎవరి సీను వాళ్ళకు ముద్దు. అందుకని ప్రింటు మీద మూడు రంగుల స్కెచ్ పెన్నులు పెట్టాం.

1. ఆకుపచ్చ: స్టేజీ మీద ఎవరో ఒకరు ఆసుపత్రి పని చేస్తున్న చోటు. పక్క వేయడం, చీటీ రాయడం, ట్రాలీ తోయడం.
2. పసుపు: ఇద్దరి మధ్య ఏదో పేచీ ఉన్న చోటు. ఒకరికి కావాలి, ఇంకొకరు ఇవ్వరు.
3. ఎరుపు: పొగడ్త, ఏడుపు, చరిత్ర పాఠం.

లెక్క తేలింది: ఆకుపచ్చ 22 నిమిషాలు, పసుపు 58, ఎరుపు 68. స్మారక నాటకాలకు ఉండే రోగమే ఇది. గుమ్మటాలు ఎంత గొప్పవో, నిజాం ఎంత గొప్పవాడో, ఎంతమంది ఇక్కడ ప్రాణం పోసుకున్నారో ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి చెప్పడం. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు, ఇంటికెళ్ళేసరికి ఒక్క మాటా గుర్తుండదు. ఇలాంటివి నేను చాలానే చూశాను.

ఒకే నియమం పెట్టుకున్నాం. ఎరుపు మాట బతకాలంటే, అది చెప్పే మనిషి చేతిలో ఆ నిమిషం ఏదో ఒక పని ఉండాలి. పని లేకపోతే మాట పోతుంది.

కాలాలు కూడా తగ్గించాం. మొదట ఐదు ఉండేవి. 1866లో సాలార్‌జంగ్ హయాంలో అఫ్జల్‌గంజ్ దవాఖానా మొదలైన సీను పోయింది, ఎందుకంటే అది రిబ్బను కత్తిరించే సీనే. ఎష్ కట్టడం లేచిన సీనూ పోయింది. మిగిలినవి మూడు: 1889లో క్లోరోఫామ్ అనే మత్తుమందును పరీక్షించిన కమిషన్, 1908లో మూసీ వరద, 2020లో వార్డుల్లోకి వచ్చిన నీళ్ళు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పాత దవాఖానాను తుడిచిపెట్టింది, నగరంలో సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఆ తర్వాత అదే ఒడ్డున లేచిన కట్టడాన్ని మళ్ళీ నీళ్ళే ఖాళీ చేయించాయి. రెండు నీళ్ళ మధ్య ఒక ఆసుపత్రి. కథకు వెన్నెముక అక్కడ దొరికింది.

కత్తెర తర్వాత: ఆకుపచ్చ 41, పసుపు 39, ఎరుపు 12. మొత్తం 92.

ఇప్పటిదాకా: నిడివి 92 నిమిషాలు. ఖర్చు 1,800 (ప్రింట్లు, జిరాక్సులు).

దశ 2: పక్క వేయడం

ఆకుపచ్చ నిమిషాలు పెంచాం సరే, మా నటుల్లో ఒక్కరికీ ఆసుపత్రి పని తెలియదు. రిటైరైన స్టాఫ్ నర్సు ఒకావిడ వచ్చి నేర్పారు. ఈ దశ కోసమైనా డైరీ రాయాలనిపించింది.

వరుస ఇది. పరుపు. దాని మీద కింది దుప్పటి. నడుము దగ్గర అడ్డంగా మెకింతోష్, అంటే రబ్బరు షీటు. దాన్ని కప్పుతూ డ్రా షీటు. తర్వాత పై దుప్పటి. మూలల దగ్గర దుప్పటిని ఒక చేత్తో పైకెత్తి త్రికోణంలా పరుపు మీద పడుకోబెట్టి, కింద వేలాడే అంచును పరుపు కిందికి తోసి, ఆ త్రికోణాన్ని దించి అదీ తోసేయాలి. ఆవిడ చేస్తుంటే చేతులు ఎక్కడా ఆగలేదు. మా కుర్రాడు సినిమాలో చూసినట్టు దుప్పటిని గాల్లోకి ఎగరేసి పరిచాడు. "దులపొద్దు బిడ్డా. వార్డుల దుమ్ము లేస్తది, పక్క మంచమాయనకు పుండు మీద పడ్తది" అన్నారు. మడతలు విప్పుకుంటూ పరచాలట. ఆ మాట అలాగే స్క్రిప్టులోకి వెళ్ళింది. రాసినవాళ్ళెవరికీ అలాంటి డైలాగు తట్టదు.

నటులిద్దరు కలిసి ఒక మంచం వేయడానికి మొదట 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది. ఆవిడ ఒక్కరే రెండు నిమిషాల లోపు వేసేశారు. మేము 95 సెకన్ల దగ్గర స్థిరపడ్డాం, ఇద్దరు మనుషులతో. ఆ తర్వాతే డైలాగు కూర్చాం. మామూలుగా డైలాగు రాసుకుని దానికి పని అతికిస్తారు, అప్పుడు చేయి ఒకవైపు, మాట ఒకవైపు పోతుంది. మేము పని కొలతకు మాట కుట్టాం: 95 సెకన్లకు 14 వాక్యాలు, మూల మడిచేటప్పుడు మాట్లాడకూడదు. ఎందుకంటే మూల మడుస్తూ ఎవరూ మాట్లాడరు, సిస్టర్ కూడా అక్కడ నోరు కట్టేస్తున్నారు.

కాపీ కొట్టేవాళ్ళకు ఇంకొక్క మాట. మేము వార్డుల్లో ఫోటోలు తీయలేదు, రోగుల్ని కథలు అడగలేదు. ఎవరి జబ్బూ మన నాటకానికి సరుకు కాదు. అడిగింది పనిచేసినవాళ్ళను, అదీ పని గురించే. "మీకు బాధాకరమైన సంఘటన చెప్పండి" అని అడిగితే అందరూ ఒకేలా చెప్తారు. "నైట్ డ్యూటీలో మొదటి గంట ఏం చేసేవారు?" అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో లోకం చెప్తారు.

ఇప్పటిదాకా: నిడివి 94. ఖర్చు 8,200 (పలచటి పరుపులు, దుప్పట్లు, రబ్బరు షీట్లు 6,400 కలిపి).

దశ 3: తెర పోయింది, తోరణం వచ్చింది

మొత్తం పనిలో పెద్ద నష్టం ఇక్కడే. పాత కట్టడం ముఖభాగాన్ని 24 అడుగుల గాడా గుడ్డ మీద రాయించాం. గుమ్మటాలు, ఛత్రీలు, తోరణాలు అన్నీ బాగానే గీశారు. లైటు వేసి చూస్తే పెళ్ళి సెట్టింగులా ఉంది. దాని ముందు నిలబడ్డ నర్సు ఆహ్వానితులను పలకరించడానికి వచ్చినట్టు కనబడింది. ఇంకో చిక్కు: ఎష్ కట్టడాలు నగరంలో చాలామందికి తెలుసు. కాచిగూడ స్టేషను, నదికి అటు పక్కనున్న హైకోర్టు, సిటీ కాలేజీ ఆయనవే. తెర మీది గుమ్మటాలు చూసి రిహార్సల్‌కు వచ్చిన ఇద్దరు "ఇది హైకోర్టా?" అన్నారు. 14,000 రూపాయల తెర చుట్ట చుట్టి పక్కన పెట్టాం.

అయినా రోగి గుమ్మటం చూడడు. మంచం మీద పడుకున్నవాడికి కనబడేది ఎత్తయిన పైకప్పు, వరండా తోరణం, పక్క మంచం. అందుకే ఒకే ఒక్క తోరణం, నాలుగు ఇనప మంచాలు చాలనుకున్నాం.

తోరణం కొలతలు:

1. ఎత్తు 9 అడుగులు, వెడల్పు 7 అడుగులు, మందం 10 అంగుళాలు.
2. ముందు వెనక 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల రీపర్ల చట్రం.
3. కింద నాలుగు చక్రాలు, రెండింటికి బ్రేకు.

తయారయ్యాక తేలింది, హాలు వెనక తలుపు ఎత్తు 7 అడుగులే అని. తోరణం వర్క్‌షాపులోంచి బయటికొచ్చింది, హాల్లోకి వెళ్ళలేదు. కమాను మొదలయ్యే చోట, ఆరున్నర అడుగుల దగ్గర అడ్డంగా కోసి, పిన్ను ఊడదీసే బందులు నాలుగు వేశాం. పిన్ను తీస్తే రెండు ముక్కలు, పెడితే ఒకటి. బిగించడానికి ఇద్దరు మనుషులు, మూడు నిమిషాలు. మీరు మాత్రం సెట్టు గీయకముందే టేపు పట్టుకుని తలుపులు, మెట్ల మలుపులు, లారీ తొట్టి కొలుచుకోండి.

మంచాల సంగతి. పాత ఇనప మంచాలు దొరికాయి కానీ ఒక్కోటి కదపాలంటే నలుగురు కావాలి. సీను మారడానికి 11 నిమిషాలు కొత్తగా చేరాయి, నిడివి 105కి ఎక్కింది. వాటిని తిప్పి పంపి చదరపు పైపుతో తేలికవి చేయించాం, ఆరున్నర అడుగులు బై మూడడుగులు, ఒక్కోటి 3,200. ఇద్దరు ఎత్తేయగలరు. నిడివి 97కి దిగింది.

ఇంకా ఒకటి మిగిలింది. కుర్చీలు సమతలంగా ఉన్న హాల్లో నాలుగో వరుస నుంచి పడుకున్న రోగి కనబడడు, దుప్పటి అంచు మాత్రమే కనబడుతుంది. మంచం వాలుగా చేస్తే బొమ్మలా ఉంటుందని భయపడ్డాం. సిస్టర్ నవ్వి, "మా దగ్గర మంచం కాళ్ళ కింద దిమ్మెలు పెట్టుడు రోజూ ఉండేదే" అన్నారు. తల వైపు 9 అంగుళాల చెక్క దిమ్మెలు పెట్టాం. రోగి కనబడ్డాడు, దిమ్మెలు పెట్టడం కూడా ఒక ఆకుపచ్చ పని అయింది.

ఇప్పటిదాకా: నిడివి 97. ఖర్చు 44,600 (పారేసిన తెర 14,000, తోరణం 9,600, మంచాలు 12,800 కలిపి).

దశ 4: చింతచెట్టు, నీళ్ళు

ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఈ కథలో తప్పించుకోలేనిది. 1908 వరదలో దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఏటా సెప్టెంబరు 28న ఆ చెట్టు కింద స్మరణ సభలు జరుగుతుంటాయి. స్టేజీ మీద దాన్ని ఎలా నిలబెట్టాలి?

థర్మోకోల్ మొదలు చేస్తే మనిషి చేయి వేయగానే పొడి రాలింది. అసలు చిక్కు అది కూడా కాదు, చెట్టు ఎక్కాలి. అలంకారంగా నిలబడితే సరిపోదు. చివరికి చెట్టు చేయడం మానేసి ఎక్కడం చేశాం. పరంజా పైపులతో ఐదడుగుల ఎత్తు వేదిక, దానికి వేలాడే కొబ్బరి మోకులు. ఆరుగురు ఎక్కుతారు, పైనుంచి ఒకరు కిందివాళ్ళను లాగుతారు. చెట్టు అన్న మాట ఒకసారి వినబడితే చాలు, మిగతాది చూసేవాళ్ళే వేసుకుంటారు.

వేదిక విషయంలో రాజీ పడకండి. ఆరుగురంటే 400 కిలోల పైమాటే, అదీ కదులుతున్న బరువు. పైపులు బిగించింది భవన నిర్మాణ పరంజా కట్టే మేస్త్రీ, మేము కాదు. ఐమూలగా అడ్డ పైపులు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వలేదు.

నీళ్ళకు మొదట నీలిగుడ్డ. రెండు పక్కల నుంచి ఇద్దరు ఊపితే అలలొస్తాయి. సురభి వారి పౌరాణికంలో అది అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ నాటకమంతా ఆ మాయ మీదే నడుస్తుంది. మా వార్డు సీనులో మాత్రం ఇప్పుడు కృష్ణుడొస్తాడేమో అనిపించింది. 2,600 గుడ్డ వృథా.

తర్వాత వెలుగుతో ప్రయత్నం. పళ్ళెంలో నీళ్ళు పోసి లైటు కొడితే గోడ మీద అలలు పడాలి కదా. పడ్డాయి, కానీ కనీకనబడనంత. నీటి ఉపరితలం మీద నిటారుగా పడిన వెలుగులో నూటికి రెండు వంతులే వెనక్కి తిరుగుతుంది, మిగతాది లోపలికి పోతుంది. నీళ్ళ అడుగున అద్దం ఉంటే లెక్క మారిపోతుంది.

పనిచేసిన పద్ధతి:

1. రెండడుగులు బై అడుగున్నర ట్రే, రెండంగుళాల నీళ్ళు.
2. అడుగున ప్లాస్టిక్ అద్దం షీటు ముక్కలు, కొంచెం ఎగుడుదిగుడుగా. గాజు వద్దు, చీకట్లో చేతులు పెట్టే చోటు అది.
3. వింగులోంచి (స్టేజీ పక్కన కనబడని చోటు నుంచి) 45 డిగ్రీల వాలులో ఒక ఎల్‌ఈడీ లైటు.
4. ఒకరు వేలితో నీళ్ళను కదుపుతారు. చేయంతా ముంచితే వెలుగు చెదిరి ఏమీ కనబడదు.

1908లో అల తోరణం పైదాకా ఎక్కుతుంది, 2020లో మంచం కాళ్ళ దగ్గరే ఆగుతుంది. తేడా అంతా లైటు వాలులోనే. 2020 సీనులో వార్డు బాయ్‌లు రోగుల్ని ట్రాలీల మీదికి మార్చి, సెలైన్ స్టాండ్లు ఎత్తి పట్టుకుని నడుస్తారు. డైలాగు దాదాపు లేదు.

ఇప్పటిదాకా: నిడివి 99. ఖర్చు 51,850 (పైపుల అద్దె 3,000, మోకులు 1,200, వృథా గుడ్డ 2,600, ట్రే 450 కలిపి).

దశ 5: కరెంటు

అద్దెకు తెచ్చిన 1,000 వాట్ల హాలజెన్లు ఆరు. రిహార్సల్ హాల్లో అన్నీ వెలిగించగానే చీకటి. కారణం కూడిక తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది: 6,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 26 ఆంపియర్లు. ఆ లైను మోసేది 16. హాలు మనిషి లావు ఫ్యూజు వైరు వేస్తానన్నాడు. దండం పెట్టి వద్దన్నాం. ఫ్యూజు లావయితే కాలేది గోడలోని వైరు.

మార్చింది ఇది. హాలజెన్లు రెండే ఉంచి, ఎనిమిది ఎల్‌ఈడీ పార్ లైట్లు తెచ్చాం, ఒక్కోటి 150 వాట్ల లోపే. ఎనిమిదీ కలిసి 1,200 వాట్లు, అంటే 5 ఆంపియర్ల పైచిలుకు. హాలజెన్లు వేరే లైను మీద పెట్టాం. అవి పూర్తిగా తీసేయకపోవడానికి కారణముంది: చిన్న ఎల్‌ఈడీలు చివర్లో టక్కున ఆరిపోతాయి, హాలజెన్ మాత్రం ఎర్రబడుతూ మెల్లగా ఆరుతుంది. 1889, 1908 సీన్లకు ఆ ఎరుపు కావాలి, అంబర్ జెల్ పేపర్ వేస్తే లాంతరు వెలుగు వస్తుంది. 2020కి ఎల్‌ఈడీల చల్లటి తెలుపు, అచ్చం ట్యూబ్‌లైటు వార్డే.

స్టేజీ మీద నీళ్ళున్నాయి కాబట్టి వైర్లన్నీ పైనుంచి వేలాడదీశాం, నేల మీద ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు ఒకటి సొంతంగా చేయించుకున్నాం. ప్రతిసారీ లైట్లు వెలిగించే ముందు దాని టెస్ట్ బటన్ నొక్కాలి.

గుడ్డలకు మంట అంటుకోకుండా వెలిగారం (బోరాక్స్) మందు పెట్టాం. లీటరు వేడినీళ్ళకు 70 గ్రాముల వెలిగారం, 30 గ్రాముల బోరిక్ పౌడరు. నూలు గుడ్డ ముంచి, పిండి, నీడన ఆరబెట్టాలి. గ్లవ్స్ వేసుకోండి. బయట, పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకుని పీలిక పరీక్ష చేశాం: 12 సెకన్లు మంట చూపిస్తే మందు లేని పీలిక మొత్తం కాలిపోయింది, మందు పెట్టింది నల్లబడి ఆగిపోయింది. నీళ్ళు తగిలితే మందు పోతుంది, మళ్ళీ పెట్టాలి. సింథటిక్ గుడ్డకు దీన్ని నమ్ముకోవద్దు.

ఇప్పటిదాకా: నిడివి 99. ఖర్చు 64,150 (లైట్ల అద్దె 9,000, బోర్డు 2,700, మందు 600 కలిపి).

దశ 6: క్లోరోఫామ్ సీను

అందరికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చింది, అందరికన్నా ఎక్కువ నచ్చింది ఇదే.

అఫ్జల్‌గంజ్ దవాఖానా బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫామ్ మీద గట్టి నమ్మకం. మత్తులో ప్రాణం పోతే ముందు ఊపిరి ఆగుతుందని, గుండె తర్వాతని, కాబట్టి నాడి కాదు, ఊపిరి చూడమని ఆయన వాదన. 1888లో ఒక కమిషన్ వేసి పరీక్షించారు. లండన్ వాళ్ళు ఒప్పుకోకపోతే నిజాం ప్రభుత్వం అక్కడి వైద్య పత్రిక లాన్సెట్‌కు 1,000 పౌండ్లు ఇచ్చి వాళ్ళ మనిషినే రప్పించింది. అలా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు, రెండో కమిషన్ కూర్చుంది, వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి, తీర్పు లారీ వైపే వచ్చింది.

మొదట ఈ సీను లారీ ఉపన్యాసంలా ఉండేది, అంతా ఎరుపు. దాన్ని తీసేసి రూపాబాయి ఫర్దూన్‌జీని మధ్యలో పెట్టాం. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, ఆ రోజుల్లోనే క్లోరోఫామ్ ఇచ్చిన మహిళ ఆవిడ. తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు. నిజంగా బతికిన మనిషి నోట్లో మనం కల్పించిన మాటలు పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆవిడ ఈ సీనులో మాట్లాడదు, పని చేస్తుంది. గాలి ఆడేలా గుడ్డ, దూదితో చేసిన టోపీ రోగి ముక్కు మీద పట్టుకుని, చుక్కలు వేస్తూ, ఊపిరి లెక్క పెడుతుంది. హాలంతా వినబడేది ఆ ఊపిరే. నిమిషానికి 16 నుంచి మొదలై 10కి దిగుతుంది.

వచ్చిన చిక్కులు:

1. పడుకున్న నటుడు మైకు కోసం బలంగా ఊపిరి తీస్తూ ఉంటే కొద్ది నిమిషాలకే వేళ్ళు తిమ్మిరెక్కి తల తిరిగింది. అవసరం లేకుండా గట్టిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా అవుతుంది. ఇప్పుడు అతను పొట్ట మాత్రం కదుపుతాడు, శబ్దం వింగులో ఇద్దరు వంతులవారీగా ఇస్తారు.
2. సీసాలో ఉన్నది మంచినీళ్ళే. వాసన కోసం గుమ్మం దగ్గర ఫినాయిల్ తుడిపిస్తే ముందు వరుసలో దగ్గు మొదలై ఊపిరి వినబడలేదు. వాసన ఆలోచన మానేశాం.
3. ట్రేలో ఎవరో బీపీ మిషను పెట్టారు. రివా-రోచి అనే డాక్టరు దాన్ని తెచ్చింది 1896లో. రబ్బరు గ్లవ్స్ కూడా తీసేశాం, అప్పటికి వాటి వాడకం ఇంకా మామూలు కాలేదు.

రిహార్సల్ చూసిన రిటైర్డ్ మత్తు డాక్టరు గారు ఒకరు అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "బాగుంది కానీ సగమే చెప్తున్నారు" అన్నారు. నిజమే. కమిషన్ తీర్పు నిలబడలేదు. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. మా ఊరి దవాఖానాకు ప్రపంచంలో పేరు తెచ్చిన ప్రయోగం తేల్చిన మాట తప్పు. బృందంలో సగం మంది దీన్ని వదిలేద్దామన్నారు, స్మారక నాటకంలో ఇదెందుకని. నేను ఒప్పుకోలేదు. ఆసుపత్రిని గౌరవించడమంటే అది చేసిన పనిని ఉన్నదున్నట్టు చూపించడమే, గెలుపులను ఏరి దండ గుచ్చడం కాదు.

సీను చివర ఇలా మార్చాం. ఊపిరి నిలకడగా నడుస్తుండగా పక్క మంచం దగ్గర నర్సు ఒకామె దుప్పటి మడుస్తూ ఉంటుంది, మంచం ఖాళీ. సూత్రధారుడు డ్రిప్ స్టాండు తోసుకుంటూ వెళ్తూ 1911 మాట రెండు వాక్యాల్లో చెప్పి సాగిపోతాడు. ఊపిరి చూడమన్న సలహా మాత్రం వృథా కాలేదు, మత్తు డాక్టరు గారు చెప్పిందీ అదే: "ఇప్పటికీ రెండూ చూస్తాం."

ఇప్పటిదాకా: ఉపన్యాసం పోయాక నిడివి 97. ఖర్చు 66,300 (మైకు అద్దె 2,000, టోపీ సామాను 150 కలిపి).

దశ 7: ట్రాలీ చప్పుడు, రెండు భాషలు

పాత ట్రాలీ ఒకటి 3,500కు దొరికింది. దాని ఇనప చక్రాలు చెక్క స్టేజీ మీద ఉరిమాయి. ఫోనులో శబ్దం కొలిచే యాప్‌తో పదో వరుసలో చూస్తే నటుల మాట 62 డెసిబెల్స్, ట్రాలీ 71. ఫోను కొలత ఖచ్చితం కాదు, కానీ తేడా చెప్పడానికి చాలు. రబ్బరు చక్రాలు వేయించాం, 58కి దిగింది. ఒక్క చక్రానికి నూనె పెట్టలేదు. ఆ కీచు లేకపోతే ఆసుపత్రి కాదని సిస్టర్ అన్నారు.

భాష దగ్గర పెద్ద చర్చ. ఆ వార్డుల్లో దక్కనీ ఉర్దూ, తెలంగాణ తెలుగు కలిసే నడుస్తాయి. పాలమూరు, నల్లగొండ నుంచి వచ్చినవాళ్ళు, పాతబస్తీ వాళ్ళు పక్క పక్క మంచాల మీదే. మొదటి స్క్రిప్టులో ప్రతి ఉర్దూ మాట తర్వాత ఇంకొకరు తెలుగులో అదే చెప్పేవారు. ఎవరూ అలా మాట్లాడరు, పైగా 8 నిమిషాలు తినేసింది. తీసేశాం. "చచా, చిట్ఠీ దిఖావ్" అంటే ముసలాయన జేబులోంచి ఓపీ చీటీ తీస్తాడు, అనువాదం అక్కడే అయిపోయింది. చేతిలో పని లేని ఉర్దూ వాక్యాలు మాత్రమే అర్థం కాకుండా పోయాయి, వాటిని మళ్ళీ రాశాం.

ఇప్పటిదాకా: నిడివి 89. ఖర్చు 71,200 (ట్రాలీ 3,500, చక్రాలు 1,400 కలిపి).

దశ 8: ప్రదర్శనలు

మొదటి ప్రదర్శన 93 నిమిషాలు నడిచింది. నాలుగు నిమిషాలు ఎక్కడ పెరిగాయంటే, ట్రాలీ చక్రం స్టేజీ పలకల సందులో ఇరుక్కుంది. సందు కన్నా చక్రం సన్నం. రోగి పాత్రధారి దిగి తోసేశాడు, జనం నవ్వారు. రెండో రోజుకు 32 మిల్లీమీటర్ల చక్రాలు అడిగి తెచ్చుకున్నాం, దారి పొడవునా పలచటి ప్లైవుడ్ పరిచాం. 88 నిమిషాల్లో అయిపోయింది.

తోరణం పిన్ను ఒకటి మొదటి రోజు కనబడకుండా పోయింది. స్క్రూడ్రైవర్ దూర్చి నడిపించాం.

ఆసుపత్రిలో పనిచేసి రిటైరైనవాళ్ళు చాలామంది వచ్చారు. ముందు వరుసలోంచే దిద్దుబాట్లు మొదలయ్యాయి. "అయ్యో, గ్లూకోజు సీసా ఎత్తు చాలదమ్మా" అని ఒకావిడ నాటకం నడుస్తుండగానే అన్నారు. మా అమ్మాయి ఆ స్టాండును ఒక పిన్ను పైకి లేపి డైలాగు కొనసాగించింది. ఇది మేము పెట్టని సీను, రెండో రోజు కావాలని పెట్టుకున్నాం.

కట్టడాన్ని నిలపాలా, ఏం చేయాలన్న వాదన నాటకంలో ఎందుకు లేదని ఇద్దరు ముగ్గురు నిలదీశారు. ఆ వాదన పత్రికల్లో, కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది, మేము ఇంకో గొంతు కలిపితే ఒరిగేదేమీ లేదని నా ఉద్దేశం. వాళ్ళు ఒప్పుకోలేదు.

చివరి లెక్క: ఖర్చు 93,700 (హాలు 18,000, రవాణా 4,500 కలిపి). చందాలు 70,000, 100 రూపాయల టికెట్లు 187 అమ్ముడుపోయి 18,700. లోటు 5,000. పారేసిన తెర, నీలిగుడ్డ లేకపోతే 11,600 మిగిలేవి.

తర్వాతి ప్రదర్శనకు చేయాల్సినవి:

1. బందుల పిన్నులకు గొలుసు కట్టడం, ఒక సెట్టు అదనంగా ఉంచుకోవడం.
2. గుడ్డలకు వెలిగారం మందు మళ్ళీ పెట్టడం, పీలిక పరీక్షతో సహా.
3. 1908 సీనులో ఎక్కే వరుస మార్చడం. బరువైన మనిషి చివర ఎక్కితే వేదిక ఒకవైపు ఊగుతోంది.
4. 24 అడుగుల పాత తెరను వెనక్కి తిప్పి తెల్లరంగు వేసి, నీటి వెలుగు పడే గోడగా వాడగలమేమో చూడటం. రంగు పొర మీద మందు ఇంకుతుందో లేదో ముందు ఒక ముక్క మీద తేల్చుకోవాలి.